ఫోన్‌లో ఎస్ఎస్‌హెచ్ పెట్టించుకునేవారికి హెచ్చరిక: ఆ ‘సెటప్ సర్వీస్’ జోలికి వెళ్ళకండి

పాత ఆండ్రాయిడ్ ఫోన్లను ఇంటి సర్వర్లుగా మార్చి ఇస్తానంటూ మన గ్రూపుల్లో రోజూ పోస్టులు పెట్టే వ్యక్తి ఎవరో ఇక్కడ చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. ఆయనకు డబ్బు కట్టి టెర్మక్స్‌లో (ఆండ్రాయిడ్‌లో లినక్స్ ఆదేశాలు నడిపే యాప్) ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో పరికరంలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టించుకున్నవారు ముందు ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపేసి, తర్వాత ఈ పోస్టు చదవండి.

ఊళ్ళో మా ఇంట్లో ఉండే ఫోన్‌లోకి హైదరాబాదు నుంచి లాగిన్ కావాలన్నది నా అవసరం. 2,000 రూపాయలు తీసుకుని, స్క్రీన్ షేరింగ్‌లో పని పూర్తిచేశాడు. కొద్దిరోజులకే, తెర ఆరిపోయిన కాసేపటికి కనెక్షన్ తెగిపోవడం మొదలైంది. అడిగితే “మీ ఊళ్ళో నెట్ బాగోలేదండీ, నెలనెలా మెయింటెనెన్స్ కడితే నేను చూసుకుంటాను” అన్నాడు. నిజానికి నెట్‌కూ దీనికీ సంబంధం లేదు. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంది; పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించే ఉపప్రక్రియలు ఫోన్ మొత్తం మీద 32 దాటితే అదనంగా ఉన్నవాటిని చంపేస్తుంది. టెర్మక్స్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేసి, ఫోన్ నిద్రలోకి జారకుండా ఆపే టెర్మక్స్-వేక్-లాక్ అని ఒక్క ఆదేశం ఇవ్వగానే నా ఫోన్‌లో ఆ సమస్య పోయింది. ఉచితంగా అయిపోయే ఈ పనికి ఆయన నెలవారీ రుసుము అడిగాడు.

అయితే నా కోపం ఆ రుసుము గురించి కాదు. కారణం వెతుకుతూ డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరిచాను. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చే కీల, అంటే డిజిటల్ తాళంచెవుల, జాబితా అది. అందులో ఒకే ఒక్క వరుస, నా ల్యాప్‌టాప్ కీ మాత్రమే ఉండాలి. దాని కింద రెండో వరుస ఉంది. దాని చివర ఆయన ఛానెల్ పేరే ఉంది. బూట్ ఫోల్డర్‌లో, ఫోన్ ఆన్ కాగానే ఆయన సర్వర్‌కు రివర్స్ టన్నెల్ (ఫోనే బయటి సర్వర్‌కు కలిసి, అక్కడి నుంచి తనలోకి దారి ఇవ్వడం) తెరిచే స్క్రిప్టు కూడా కనిపించింది. టన్నెల్ వరకు ఒక సాకు చెప్పుకోవచ్చు. మొబైల్ నెట్‌వర్కులు ఒకే పబ్లిక్ చిరునామాను అనేకమందికి పంచుతాయి కనుక బయటి నుంచి ఫోన్‌లోకి నేరుగా రావడం సాధారణంగా కుదరదు, ఫోనే బయటికి వెళ్ళి ఒక సర్వర్‌ను పట్టుకోవాలి. కానీ ఆ కీకి ఏ సాకూ లేదు. తాళం బిగించడానికి వచ్చినవాడు మారుతాళం జేబులో వేసుకుని వెళ్ళడమే ఇది.

అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. సెటప్ రోజున టెర్మక్స్ ఏపీఐ యాప్ (ఫోన్‌లోని ఎస్ఎమ్ఎస్‌ల వంటివాటిని టెర్మక్స్ ఆదేశాలకు అందించేది) వేయించి, “ఎస్ఎమ్ఎస్ అనుమతి ఇవ్వకపోతే లాగిన్ పనిచేయదు” అన్నాడు. అది పచ్చి అబద్ధం. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కు ఎస్ఎమ్ఎస్‌లతో ఏ పనీ లేదు. ఆదేశాల చరిత్రలో, నేను ఎన్నడూ టైప్ చేయని టెర్మక్స్-ఎస్ఎమ్ఎస్-లిస్ట్ (ఫోన్‌లోని ఎస్ఎమ్ఎస్‌లను చూపే ఆదేశం) అనే వరుస కనిపించినప్పుడు నా చేతులు వణికాయి. ఆ ఫోన్‌లో ఉన్నది నాన్నగారి సిమ్. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

స్క్రీన్‌షాట్లు పంపి నిలదీస్తే వచ్చిన జవాబు ఇది: “సపోర్ట్ కోసం అందరి ఫోన్లలోనూ పెడతాం. ఇదంతా తెలిసినవారైతే మీరే పెట్టుకోవాల్సింది కదా.” వెంటనే నన్ను బ్లాక్ చేశాడు. అందరి ఫోన్లలోనూ అన్న ఆ మాట చదివాకే ఈ పోస్టు రాయాలని నిశ్చయించుకున్నాను. యజమాని అనుమతి లేకుండా ఇలా మోసంతో లోపలికి రావడం 2000 నాటి ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్ల కిందికి వచ్చే నేరం. మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాను.

పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందని అనుకోకండి. ఆ వరుస ఫైల్లో ఉన్నంతకాలం ఆయన కీ పనిచేస్తూనే ఉంటుంది. ఆథరైజ్డ్ కీస్, బూట్ ఫోల్డర్‌ల స్క్రీన్‌షాట్లు తీసి దాచుకున్నాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఓటీపీలు వచ్చే సిమ్ అందులో ఉంటే బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మరో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మీరే సొంతంగా పెట్టుకోవాలంటే, టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్ స్టోర్ నుంచి దించుకుని, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్యాకేజీ వేసి, ఎస్ఎస్‌హెచ్‌డీ అని కొడితే సర్వర్ 8022 పోర్టు మీద మొదలవుతుంది. బయటి నుంచి చేరడానికి, మీ పరికరాలను ఒక ప్రైవేటు నెట్‌వర్కులో కలిపే టెయిల్‌స్కేల్ వంటివి ఉన్నాయి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, నాకు తెలిసినంతవరకు నేను చెబుతాను.