పాత చెక్క పడవకి నూలు, గుగ్గిలమా? ఫైబర్ పూతా?

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలో వల వేద్దామని సెకండ్‌హ్యాండ్‌లో తెడ్ల పడవ కొన్నవాళ్లకి, లోపలికి నీరు రాకుండా ఏం చేయాలన్న మొదటి టెన్షన్ ఇదే. నా ఓటు నూలు, గుగ్గిలానికే. పలకల సందుల్లో పాత పీచు గీకేసి, కొత్త నూలు ఉలితో గట్టిగా కూరి, నూనెలో కాచిన గుగ్గిలం వేడి మీదే పట్టిస్తే, నీళ్లలో దిగాక చెక్క ఉబ్బి సందులు వాటంతట అవే బిగుసుకుంటాయి. మొదట్లో కాస్త నీరు ఊరుతుంది, కంగారు పడొద్దు. పైన జీడిపిక్కల పెంకు నూనె పూస్తే పురుగు తొందరగా పట్టదు. పలాస మనకి పక్కనే కాబట్టి దానికి కొదవ లేదు గానీ, ఒంటికి తగిలితే కాల్చేస్తుంది, చేతి తొడుగులు ఉండాల్సిందే.

ఫైబర్, అంటే గాజు పీచు గుడ్డని రెసిన్‌తో అంటించే పూత, వేస్తే ఏటేటా ఈ పని తప్పుతుంది, పూత పగలనంతకాలం ఉప్పునీటి పురుగు చెక్కలోకి పోలేదు, అది కాదనలేను. కానీ చెక్క బాగా ఆరకముందే వేశారంటే తడి లోపలే ఉండిపోయి, పైకి నున్నగా కనిపిస్తూనే లోపల పుచ్చిపోతుంది. బరువు కూడా పెరుగుతుంది, తెడ్డు వేసేవాడి భుజాలకి తెలుస్తుంది. ఎండాకాలమంతా నీడపట్టున ఆరబెట్టే వీలుంటేనే అటు వెళ్లండి.

ఏది చేసినా ముందు ప్రతి పలకలోనూ, ముఖ్యంగా మేకుల చుట్టూ, స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ పలక మార్చాల్సిందే.