రకూన్ల కోసం అమ్ముతున్న "నైట్ హంటింగ్" ఎయిర్ రైఫిల్ సెట్ కొనేముందు ఇది చదవండి

అమెరికాలో ఇంటి వెనక కోళ్ళు పెంచుకుంటున్న, కూరగాయలు వేసుకుంటున్న మన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. రకూన్లనే అడవి జంతువుల బాధ పడలేక ఆన్‌లైన్‌లో దొరికే "నైట్ హంటింగ్ కాంబో" ఆర్డర్ పెడదామని చూస్తుంటే దయచేసి ఆగండి. ఆ సెట్టులో ఒక .22 (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్, అంటే గొట్టం వంచి బిగించే గాలి తుపాకీ, దానిమీదకి చీకట్లో చూపించే డిజిటల్ నైట్ విజన్ స్కోప్, దానికి వెలుగిచ్చే ఒక ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) టార్చ్, ఒక డబ్బా పెల్లెట్లు (చిన్న గుళ్ళు) వస్తాయి. అన్నీ కలిపి దాదాపు 400 డాలర్లు. మేం కొన్నాం. డబ్బు పోవడం ఒక ఎత్తు, దానితో ప్రాణం తియ్యకుండా జంతువుని చిత్రవధ చేసే ప్రమాదం ఇంకో ఎత్తు.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి బాగా దూరంగా, సిటీ పరిధి దాటాక ఉన్న స్థలంలో. రకూన్ ఫొటోల్లో ముద్దుగానే కనిపిస్తుంది. దాని చేతివేళ్ళ పనితనం చూస్తే మాత్రం గుండె ఆగుతుంది. కోళ్ళగూటి జాలీ సందులోంచి చెయ్యి దూర్చి, నిద్రపోతున్న పెట్టని మెడ పట్టుకుని లాగుతుంది. ఒళ్ళు లోపలే ఉండిపోతుంది, తల బయటికి వస్తుంది. పొద్దున్నే గుడ్ల కోసం వెళ్ళిన మా చిన్నది ముందు చూసింది. ఆ కోపంలోనే మా ఆయన ఈ సెట్టు ఆర్డర్ పెట్టారు. ఇలాంటి కోపంలో ఉన్నవాళ్ళనే ఆ ప్రకటన గురిపెడుతుంది. "లైసెన్స్ అక్కర్లేదు, చప్పుడు ఉండదు, చీకట్లో ఒకే దెబ్బ" అని రాసి ఉంటుంది.

మొదట ఆ వేగం సంగతి చెబుతాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో సెకనుకి 1000 అడుగులు అని ఉంది. ఎయిర్ రైఫిల్ అంటే మనలో చాలామందికి తిరునాళ్ళలో బుడగలు కొట్టించే తుపాకీయే తెలుసు, కాబట్టి ఆ అంకె చూడగానే ఇది చాలా శక్తిమంతమైనదనిపిస్తుంది. పక్క పొలంలో ఉండే పెద్దాయన చిన్నప్పటినుంచీ వేటాడినవారు. ఆయన ముందుగా అడిగింది, ఆ 1000 ఏ పెల్లెట్‌తో అని. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంది: తేలికపాటి అల్లాయ్ పెల్లెట్‌తో. బరువు తక్కువైతే వేగం ఎక్కువ వస్తుంది, కానీ తేలికది గాల్లో తొందరగా నెమ్మదిస్తుంది, చాలా గన్నుల్లో గురి కూడా సరిగా కుదరదు. జంతువుల మీద వాడేవాళ్ళు సీసం పెల్లెట్లే వాడతారు. ఆయన దగ్గరున్న క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) మీద మామూలు 14.3 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుళ్ళ బరువు చెప్పే చిన్న కొలత) సీసం పెల్లెట్ వేసి చూస్తే సెకనుకి 720 అడుగుల దగ్గర ఆగింది.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని పెల్లెట్ బరువుతో (గ్రెయిన్లలో) గుణించి, 450240తో భాగిస్తే దెబ్బలో ఎన్ని ఫుట్ పౌండ్ల శక్తి ఉందో వస్తుంది. 720 అడుగులు, 14.3 గ్రెయిన్లు అంటే 16 చిల్లర. అది కూడా గొట్టం మూతి దగ్గర. దూరం పెరిగేకొద్దీ ఇంకా పడిపోతుంది. ఉడతకీ ఎలుకకీ అది సరిపోతుందేమో. పెరిగిన రకూన్ ఆరేడు కిలోలు అలవోకగా ఉంటుంది, ఇంకా పెద్దవీ ఉంటాయి. పుర్రె గట్టిది, మెడ చుట్టూ కొవ్వు, దట్టమైన బొచ్చు. ఎయిర్‌గన్‌తో రకూన్లని వేటాడే అనుభవజ్ఞులు .25 పీసీపీలు (ముందే గాలి నింపి ఉంచే, ఇంకా శక్తిమంతమైన ఎయిర్ రైఫిళ్ళు), 30 ఫుట్ పౌండ్ల పైమాట చెబుతారు. అదీ తక్కువ దూరంలో, తలకి, గురి కచ్చితంగా ఉంటేనే. ఈ సెట్టు పెట్టె మీద రకూన్ బొమ్మ వేసి అమ్మడం నా దృష్టిలో మోసమే.

ఇక స్కోప్. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

బ్రేక్ బ్యారెల్ గన్ లోపల బలమైన స్ప్రింగో గ్యాస్ పిస్టనో ఉంటుంది. గొట్టాన్ని వంచి కాక్ చేస్తే అది వెనక్కి వెళ్ళి ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకి దూకుతుంది, గన్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివర్లో గాలి మెత్త మీద ఆగినప్పుడు గన్ మళ్ళీ ముందుకి గుద్దుకుంటుంది. అంటే ప్రతి దెబ్బకీ రెండు వైపులా కుదుపు. మామూలు తుపాకీ ఎంత పెద్దదైనా తన్నేది వెనక్కే, స్కోప్‌లు ఆ ఒక్క దిశ కుదుపుకే తయారవుతాయి. అందుకే పెద్ద రైఫిల్ మీద ఏళ్ళ తరబడి చెక్కుచెదరని స్కోప్ కూడా స్ప్రింగ్ గన్ మీద లోపల సడలిపోతుంది. స్ప్రింగ్ గన్నుకి ఎయిర్ రైఫిల్ కోసమే చేసిన స్కోప్ కావాలని ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అమ్మేవాడికి ఇంకా బాగా తెలియాలి.

పగలు, కాగితం మీద పెద్దాయన దగ్గరుండి స్కోప్ జీరో చేయించారు, అంటే గురి పెట్టినచోటే గుండు పడేలా సర్దించారు. 20 గజాల్లో పెల్లెట్లు ఒక చిన్న గుంపుగా పడ్డాయి, సంబరపడ్డాం. డబ్బా సగం కూడా అవకముందే ఆ గుంపు ఎడమకీ కిందకీ జరగడం మొదలైంది. మళ్ళీ సర్దితే మళ్ళీ జరిగింది. రింగుల స్క్రూలు బిగించి చూశాం, అవి గట్టిగానే ఉన్నాయి. చివరికి స్కోప్‌లో గుర్తు ఒక పక్కకి వాలిపోయి కనిపించింది, కాల్చిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం నల్లబడి తిరిగొచ్చేది. అప్పుడు స్కోప్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీసి చదివాను. అందులో స్పష్టంగా రాసి ఉంది: స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిళ్ళ మీద వాడకూడదు, వాడితే వారంటీ వర్తించదు. స్కోప్ తయారుచేసినవాళ్ళు ఫలానా గన్ మీద పెట్టొద్దంటే, అమ్మినవాడు అదే గన్నుకి అదే స్కోప్ జతచేసి, ఒకే పెట్టెలో పెట్టి, "రెడీ టు హంట్" అని అమ్ముతున్నాడు!

ఐఆర్ టార్చ్ గురించి రెండే మాటలు. 850 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవు) టార్చ్ వెలిగితే దాని ముఖం మీద సన్నటి ఎర్ర మెరుపు కనిపిస్తుంది, "పూర్తిగా కనపడదు" అన్న ప్రకటన అబద్ధం. రెండోది, ముందు గడ్డి పరకో కంచె తీగో ఉంటే వెలుగు దానికే తగిలి తిరిగొచ్చి స్కోప్ అంతా తెల్లగా అయిపోతుంది. మిగతాది చీకట్లో రెండు మెరిసే కళ్ళే. అవి రకూన్‌వా, పోసమ్‌వా, పక్కింటి పిల్లివా చెప్పడం మా స్కోప్‌లో సాధ్యం కాలేదు. తోక మీద చారలు కనిపిస్తే కదా రకూన్ అనుకోవడానికి!

మేం కాగితం మీదే ఆగిపోయాం. హ్యూస్టన్ వైపు ఉండే మా ఊరి తమ్ముడు ఒకతను ఇలాంటి సెట్టే కొని, ఏప్రిల్ చివర్లో నేరుగా రకూన్ మీద వాడాడు. తలకి గురి పెడితే వెనక భాగంలో తగిలింది. అది పిల్లాడు ఏడ్చినట్టు అరుస్తూ ఈడ్చుకుంటూ డెక్ కిందకి దూరిపోయింది. గాయపడ్డ రకూన్ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. కరుస్తుంది, రేబిస్ ఉండొచ్చు, రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు లేదు. అతను నైపుణ్యం ఉన్న ట్రాపర్‌ని (జంతువుల్ని పట్టేవాణ్ణి) పిలిచేలోపే అది డెక్ కింద చచ్చిపోయింది. తర్వాత అటక మీంచి కిచకిచ మొదలైంది. వసంతంలో రకూన్లు పిల్లల్ని పెడతాయి. అది తల్లి. పిల్లల్ని బయటికి తీయించడానికీ, డెక్ పలకలు ఊడదీయడానికీ అతను పెట్టిన ఖర్చు ఆ సెట్టు ధరని ఎప్పుడో దాటిపోయింది. ఫోన్‌లో చెబుతున్నప్పుడు అతని గొంతులో డబ్బు బాధ లేదు, ఆ అరుపే ఉంది.

చట్టం విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఫెడరల్ చట్టం ఎయిర్‌గన్‌ని ఫైర్‌ఆర్మ్‌గా లెక్కించదు. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకి మామూలు తుపాకీ విషయంలో ఆంక్షలు ఉంటాయి కాబట్టి, ఇదైతే ఏ టెన్షన్ లేదనుకుని చాలామంది కొంటున్నారు. రాష్ట్రాల లెక్క వేరు. న్యూజెర్సీలో ఎయిర్ రైఫిల్ కూడా ఫైర్‌ఆర్మే, పర్చేజర్ ఐడీ కార్డ్ (తుపాకీ కొనేవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు) లేకుండా కొనకూడదు. ఇల్లినాయ్‌లో .22 ఎయిర్ రైఫిల్ సెకనుకి 700 అడుగులు దాటితే ఫోయిడ్ కార్డ్ (తుపాకీ ఉంచుకునేవాళ్ళకి ఆ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి. న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఇల్లినాయ్ నేపర్‌విల్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మా టెక్సస్‌లో సొంత స్థలంలో ఇబ్బందిపెట్టే రకూన్‌ని తీసేయడానికి లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ చాలా సిటీలు తమ పరిధిలో ఎయిర్‌గన్ పేల్చడాన్నే నిషేధించాయి. సిటీ బయట కూడా, పది ఎకరాలు, అంతకన్నా తక్కువ ఉన్న సబ్‌డివిజన్ ప్లాట్లలో ఎయిర్‌గన్ పేల్చడాన్ని నియంత్రించే అధికారం కౌంటీకి ఉంది. ఆ ప్రకటనలో "50 రాష్ట్రాల్లోనూ పర్వాలేదు" అని రాసుకున్నారు. వీసా ఫారంలో, గ్రీన్‌కార్డ్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అన్న ప్రశ్న ఉంటుంది. రకూన్ కోసం ఆ గడిలో "అవును" అని రాయాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

బోనులో పట్టి చెరువుగట్టున వదిలేద్దాం అనుకునేవాళ్ళకి కూడా ఒక మాట. టెక్సస్‌లో బతికున్న రకూన్‌ని బండిలో వేసుకుని ఇంకోచోటికి తీసుకెళ్ళడాన్ని రేబిస్ నిబంధనలు ఒప్పుకోవు. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి నియమాలే ఉన్నాయి. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకి ఒక ఫోన్ చేస్తే లైసెన్స్ ఉన్న ట్రాపర్ల వివరాలు చెబుతారు.

మా కోళ్ళని కాపాడింది చివరికి జాలీయే. మేం ముందు వేసినది చికెన్ వైర్. దాని పేరు చూసి మోసపోకండి, అది కోడిని లోపల ఉంచుతుంది తప్ప రకూన్‌ని బయట ఆపలేదు. దాన్ని పూర్తిగా తీసేసి, హార్డ్‌వేర్ క్లాత్ అని అమ్మే అర అంగుళం కళ్ళ గట్టి జాలీ వేశాం. స్టేపుల్స్ లాగితే ఊడొస్తాయి కాబట్టి వాషర్లు పెట్టి స్క్రూలతో బిగించాం. గూటి చుట్టూ నేల మీద అడుగు వెడల్పున అదే జాలీ పరిచి మట్టి కప్పాం, తవ్వబోతే గోళ్ళకి అదే తగులుతుంది. తలుపుకి మామూలు గడియ చాలదు, రకూన్ తీసేస్తుంది. కారబైనర్ (స్ప్రింగ్ ఉన్న కొక్కెం) తగిలించాం. దాణా రాత్రిళ్ళు మూత బిగిసే ఇనప డబ్బాలోకి వెళ్ళిపోతుంది. మొత్తం ఖర్చు ఆ సెట్టు ధరలో సగం. రకూన్లు ఇప్పటికీ వస్తాయి, పొద్దున్నే తడి మట్టిలో చిన్న చేతుల్లాంటి అడుగులు కనిపిస్తాయి, గూడు చుట్టూ తిరిగి వెళ్ళిపోతాయి. వాటి పెంటని మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, అందులో ఉండే ఒక రకం పురుగు గుడ్లు కడుపులోకి వెళితే మెదడుకీ కళ్ళకీ ప్రమాదం. చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్ వేసుకుని తీసి, ఆ చోట మరుగుతున్న నీళ్ళు పోయాలి.

ఇక డబ్బు. అమ్మినవాడు వాపసు తీసుకోనన్నాడు. రైఫిల్ కాల్చారు కాబట్టి కుదరదట, స్కోప్ పెట్టె విప్పారు కాబట్టి కుదరదట. కాల్చకుండా స్కోప్ పనిచెయ్యట్లేదని ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. మేం ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్లు, స్కోప్ పుస్తకంలో "స్ప్రింగ్ గన్ మీద వాడకూడదు" అన్న పేజీ ఫొటో, క్రోనోగ్రాఫ్ అంకె ఫొటో, జరిగిపోయిన గుంపులున్న కాగితాలు, అన్నీ జతచేసి క్రెడిట్ కార్డ్ కంపెనీకి "చెప్పిన వస్తువు కాదు" అని డిస్ప్యూట్ వేశాం. డబ్బు వెనక్కి వచ్చింది. డెబిట్ కార్డుతో కొన్న తమ్ముడికి మాత్రం ఇంకా రాలేదు. ఇప్పటికే కొన్నవాళ్ళు ఉంటే పెట్టె, పుస్తకం, బిల్లు పారెయ్యకండి. ప్రకటన పేజీ వాళ్ళు మార్చకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ వాళ్ళు పంపాక 60 రోజులు దాటకముందే కార్డ్ కంపెనీకి చేరేలా రాతపూర్వకంగా పంపండి.