ఐటీఐలో ఏడాది చివరి పరీక్షా, ప్రతి జాబ్‌కూ మార్కులా: ఏది మేలు?

మా అక్క కొడుకు రోజూ రేణిగుంట నుంచి తిరుపతికి వచ్చి ఫిట్టర్ ట్రేడ్ చదువుతున్నాడు. అక్కడ జాబ్ అంటే ఉద్యోగం కాదు, వర్క్‌షాపులో ఒక్కొక్కరితో చేయించే పని. "ప్రతి జాబ్‌కూ మార్కులంటే ఒకటే టెన్షన్ మామా, ఏడాది చివర ఒక్క పరీక్ష పెట్టి వదిలేస్తే పోలా" అన్నాడు మొన్న.

వాడి మాటలో కొంత నిజం లేకపోలేదు. చివరి పరీక్షలో అందరికీ ఒకే జాబ్, ముఖం చూసి మార్కులేసే వీలు తక్కువ.

కానీ ఫైలింగ్ (ఆకురాయితో ఇనుప ముక్కను రుద్ది చదును చెయ్యడం) సంగతి చూడండి. కొత్తలో ప్రతివాడికీ చెయ్యి ఊగుతుంది, దాంతో ముక్క మధ్యలో ఉబ్బి అంచులు అరిగిపోతాయి. ఊరికే చూస్తే చదునుగానే ఉంటుంది, ట్రై స్క్వేర్ (మూలమట్టం) బ్లేడు ఆనించి వెలుతురుకు ఎత్తిపడితే అంచుల దగ్గర సన్నటి గీతలా వెలుగు కనిపిస్తుంది. ఆ పూటే చూపించి అదే ముక్క మళ్లీ రుద్దిస్తే చెయ్యి దారికొస్తుంది, అదే సెప్టెంబరులో అంటుకున్న ఆ అలవాటు ఏడాది చివరి పరీక్షలో బయటపడితే ఇక చేసేదేముంది?

థియరీకీ అంతే, మధ్యమధ్యలో పరీక్షించుకుంటేనే నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీమళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు గానీ, వారం తర్వాత చూస్తే పాఠం మూసి గుర్తున్నది రాసి చూసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

మధ్యే మార్గంగా ఐటీఐల్లో 2013లో సెమిస్టర్లు తెచ్చారు, 2018లో మళ్లీ వార్షిక పద్ధతికే వెళ్లారు. ఇప్పుడు రెండూ కలిపే ఉన్నాయి: ప్రాక్టికల్‌లోనూ, ఏడాది పొడవునా వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లోనూ 60 శాతం రావాలి, మిగతా పేపర్లకు 33 చాలు.

కాగితం మీద బాగుంది. నేను చదివినచోట (పేరెందుకులెండి) పరీక్షలకు వారం ముందు ముగ్గురం కూర్చుని రెండు మూడు రకాల పెన్నులతో ఏడాది రిజిస్టరంతా నింపాం, అందరికీ డెబ్బైకి అటూ ఇటూ! అలా నింపే రిజిస్టరు కన్నా చివరి పరీక్షే నయం, కనీసం అది నిజంగా జరుగుతుంది.

అందుకే నా ఓటు ప్రతి జాబ్‌నూ చూసే పద్ధతికే, అదీ తప్పు ఆరోజే చెప్పి ఇంకోసారి చేసే అవకాశం ఇస్తేనే. 20 మంది ముక్కలు రోజూ కొలవడం ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కు కష్టమే, కాబట్టి ముందు పిల్లల్నే ఒకరి ముక్క ఒకరిని కొలవమనాలి, మొదటి ప్రయత్నానికి అసలు మార్కే వెయ్యకూడదు. మావాడి టెన్షన్ సగం ఆ మొదటి మార్కు గురించే.