శ్రీశైలం అడవిలో బండి ఆగితే ఆర్‌ఎస్‌ఏ పనికొచ్చిందా?

కారు ఇన్సూరెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు అదనపు కవర్ల పేజీ ఒకటి వస్తుంది. జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్, తాళాలు పోతే కవర్... వాటి మధ్య రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (ఆర్‌ఎస్‌ఏ), అంటే దారిలో బండి ఆగిపోతే సాయం పంపే కవర్, అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. నాలుగేళ్లుగా ఆ టిక్కు వైపు చూడకుండానే డబ్బులు కడుతున్నాను. పోయినసారి 649 రూపాయలు. డిసెంబరులో శ్రీశైలం వెళ్లొచ్చాక గానీ అసలు ఇది దేనికి కడుతున్నామన్న ఆలోచన రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకు అమ్మ, మా ఆవిడ, బాబు, నేను హైదరాబాద్ నుంచి బయల్దేరాం. ఈ దారిలో టైము లెక్క తప్పకూడదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కాబట్టి మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. కల్వకుర్తిలో టిఫిన్, డిండి దగ్గర ఐదు నిమిషాలు ఆగడం, అంతే. మన్ననూర్ దాటాక డ్యామ్ వచ్చేదాకా 70 కిలోమీటర్ల దరిదాపుల్లో అడవే. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోయి చివరికి ఏమీ మిగలవు. వెళ్లేటప్పుడు అదే హాయి అనిపించింది. ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ రాలేదు.

బస దేవస్థానం వాళ్ల గంగా సదన్‌లో. గది సాదాసీదాగా ఉంది, కానీ అమ్మ మోకాళ్లకు గుడి దగ్గరగా ఉండటమే పెద్ద సౌకర్యం. అంతకు ముందు ఒకసారి టూరిజం వాళ్ల హరిత హోటల్లో దిగాం. తిండి అక్కడే దొరుకుతుంది, పిల్లలకు కాస్త తిరగడానికి చోటుంటుంది, గుడికి మాత్రం అమ్మతో అయితే ఆటో ఎక్కాలి. పెద్దవాళ్లుంటే సదన్, మనమూ పిల్లలే అయితే హరిత. శని, ఆదివారాల్లో రెండూ ముందే బుక్ చేసుకోకపోతే కష్టం. దర్శనం, పాతాళగంగ, రోప్‌వే, సాక్షి గణపతి అన్నీ అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు తిరుగు ప్రయాణం. దోమలపెంట దాటాం, వటవర్లపల్లిలో టీ తాగాం. అక్కడి నుంచి కొద్ది దూరం వచ్చామో లేదో టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపేసి చూశాను, తగ్గలేదు. పక్కకు ఆపి బానెట్ తెరిచేసరికి ఆవిరి, తియ్యటి కూలెంట్ వాసన. రేడియేటర్ పైన ఉండే హోస్ పైపు, క్లిప్పు బిగించే చోట, వేలెడు పొడవున చీలింది. బండికి ఏడేళ్లు. ఆ పైపు ఎప్పుడైనా మార్చారా అని నేనూ అడగలేదు, సర్వీసింగ్‌లో వాళ్లూ చెప్పలేదు.

ఫోన్ తీశాను. నో సర్వీస్. మా ఆవిడ ఫోన్ది వేరే నెట్‌వర్క్, అదీ అంతే. 649 రూపాయల కవర్ ఒక నంబరు రూపంలో నా ఫోన్లో ఉంది, దానికి కాల్ వెళ్లే దారి లేదు. బాబు మాత్రం పులి వస్తుందా అని మూడుసార్లు అడిగాడు. అమ్మ "మల్లన్నను చూసొస్తున్నాం, ఏం కాదు" అంది గానీ అద్దం మాత్రం పైకి ఎత్తేసుకుంది.

ఒక ఆర్టీసీ బస్సు ఆగింది. డ్రైవరు తన దగ్గరున్న నీళ్ల బాటిల్ ఇచ్చి, చెక్‌పోస్టులో చెబుతానని వెళ్లాడు. ఇంకో ఇరవై నిమిషాలకు అచ్చంపేట వైపు ఖాళీగా పోతున్న బొలెరో వచ్చింది. "ఏమైందన్నా, గరమైందా?" అంటూ దిగిన కుర్రాడు పైపు చూసి, తన బండి సీటు కింద నుంచి పాత సైకిల్ ట్యూబు తీశాడు. ఇంజన్ చల్లారేదాకా మూత ముట్టుకోనివ్వలేదు. వేడి మీద తెరిస్తే నీళ్లు మొహం మీదికి తంతాయట. తర్వాత ట్యూబును రిబ్బన్‌లా కోసి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సాగదీసి చుట్టి, చివర్న తీగతో బిగించాడు. మా మంచినీళ్ల క్యాన్ రేడియేటర్‌లోకి పోయింది. "ముల్లు సగం దాటిందంటే ఆపెయ్యండి, లేకుంటే హెడ్ గాస్కెట్ పోతది" అన్నాడు. 300 అడిగాడు, ఇచ్చాను. మన్ననూర్ దాకా మా వెనకే వచ్చాడు. దారిలో మూడుసార్లు ఆపి నీళ్లు పోసుకున్నాం.

గేటు దాటేసరికి ఏడున్నర. సిగ్నల్ వచ్చింది. ఇప్పుడు ఆర్‌ఎస్‌ఏకి ఫోన్. అవతలి అమ్మాయి హిందీలో, మర్యాదగానే, పిన్‌కోడ్ అడిగింది. నాకెలా తెలుస్తుంది? లొకేషన్ పంపడానికి లింకు ఇచ్చింది, అది తెరుచుకోవడానికి పది నిమిషాలు. టోయింగ్ బండి పంపుతాం, రెండున్నర గంటలు పడుతుంది, మీ కారును దగ్గర్లోని ఆథరైజ్డ్ వర్క్‌షాపులో దింపుతాం, 50 కిలోమీటర్లు దాటితే ఆపైన కిలోమీటరుకు ఇంత అని చెప్పింది. అంటే రాత్రి పదింటికి బండి వస్తుంది, తీసుకెళ్లి మూసేసిన షోరూం ముందు వదిలేస్తుంది, పైగా సోమవారం ఆ ఊళ్లో మా నలుగురి పడిగాపులు. అచ్చంపేటలో మామూలు మెకానిక్ దగ్గర దింపమంటే అది రూల్స్‌లో లేదంది. పాలసీ కాగితాల్లో ఆ మాట ఉంది. నేనే చదవలేదు.

వద్దని చెప్పి పెట్టేశాను. చెక్‌పోస్టు దగ్గర టీకొట్టాయన ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, అచ్చంపేట నుంచి ఒక మెకానిక్ పైపు, కూలెంట్ డబ్బా పట్టుకుని బైకు మీద వచ్చాడు. సామాను, కూలి, ఆదివారం రాత్రి రాక అన్నీ కలిపి 1,800. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాం.

ఇక్కడితో ఆపితే ఆర్‌ఎస్‌ఏ దండగ అని రాసేసేవాణ్ణి. కానీ ఫిబ్రవరిలో మా మామగారి సంగతి జరిగింది. ఆయనకు 68. అత్తగారితో సూర్యాపేట నుంచి వస్తుంటే విజయవాడ హైవే మీద, నకిరేకల్ దగ్గర, రాత్రి ఎనిమిదికి టైరు పంక్చర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, వంగి బోల్టులు విప్పే ఓపిక లేదు. ఆయన కవర్ వేరే కంపెనీది. 50 నిమిషాల్లో మనిషి వచ్చి టైరు మార్చి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. పైసా తీసుకోలేదు. ఆ ఒక్క రాత్రికి ఆయన మూడేళ్లు కట్టిన డబ్బు గిట్టినట్టే.

జాతీయ రహదారి మీదయితే 1033 ఉంది కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమే, ఆ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడానికి ఖర్చు లేదు. పెట్రోలింగ్ బండి వస్తుంది, అవసరమైతే క్రేన్‌తో పక్కకు తీస్తారు. రాత్రిపూట లారీల మధ్య ఇరుక్కుంటే ముందు చేయాల్సిన ఫోన్ అదే. కానీ బండిని మన మెకానిక్ దాకా చేర్చడం వాళ్ల పని కాదు. మామూలు సమగ్ర పాలసీలో కూడా టోయింగ్‌కి 1,500 రూపాయల దాకా ఇస్తారు గానీ అది యాక్సిడెంట్ అయితేనే. పైపు చీలితే వర్తించదు.

ఇంకో విషయం. మా తమ్ముడు కొత్త కారు కొన్నప్పుడు కారు కంపెనీ వాళ్లే వారంటీతో పాటు ఆర్‌ఎస్‌ఏ ఇచ్చారు. అది తెలియక ఇన్సూరెన్స్‌లోనూ రెండేళ్లు కట్టాడు. నా బండికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

మార్చిలో నా రెన్యువల్ వచ్చింది. టిక్కు తీసేశాను. నేను తిరిగేది ఎక్కువగా సిటీలోనే, స్టెప్నీ మార్చడం వచ్చు, జంపర్ కేబుల్స్ ఉన్నాయి. ఆ డబ్బుతో రెండు హోస్ పైపులూ, ఫ్యాన్ బెల్టూ మార్పించాను, ఇంకాస్త పైన పడింది. అదే నెలలో మా ఆవిడ కారుది వచ్చింది. తను రోజూ రాత్రి షిఫ్టు నుంచి ఔటర్ మీదుగా ఒంటరిగా వస్తుంది. దానికి ఉంచాను. కట్టే ముందు ఈసారి వాళ్లకే ఫోన్ చేసి, మేం చెప్పిన మెకానిక్ దగ్గర దింపుతారా, తెలుగులో మాట్లాడే మనిషి ఉంటారా అని అడిగాను. మొదటిదానికి 25 కిలోమీటర్ల లోపయితే సరే అన్నారు. రెండోదానికి "ట్రై చేస్తాం సార్" అన్నారు, హిందీలో.