ప్లంబర్ కూలి ఎక్కువేం కాదు, దెబ్బ తగిలేది సామాన్ల బిల్లులో

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడు చూసినా ఇదే గోల. పది నిమిషాల పనికి ఐదొందలు గుంజాడు, ప్లంబర్లంతా దోచేస్తున్నారు అని. నేను ఆ మాట ఒప్పుకోను. ఈమధ్య మా బాత్రూమ్ లీకు కోసం ఇద్దరిని పిలిపించాను. ఒకతను యాప్‌లో బుక్ చేస్తే వచ్చాడు, ఇంకొకాయన మా వీధి చివర హార్డ్‌వేర్ షాపు దగ్గర ఉండే ప్లంబర్. ఇద్దరి రేట్లూ, పనీ దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, హైదరాబాద్‌లో కొత్తగా ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లకి పనికొస్తుంది.

కింద ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్ సీలింగ్ చెమ్మ పట్టి పెయింట్ పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. ఆవిడ పైకొచ్చి "వదినా, మీ బాత్రూమ్ నుంచే కారుతున్నట్టుంది, ఒకసారి చూపించండి" అన్నారు. సరే అని అదే రోజు యాప్‌లో బుక్ చేశా. విజిట్ చార్జి 199. చెప్పిన టైముకే వచ్చాడు, యూనిఫాం, నీట్‌గా మాట్లాడటం, అన్నీ బాగున్నాయి. కానీ షవర్ కింద గోడ మీద రెండు మూడు సార్లు తట్టి చూసి, "మేడమ్, లోపల కన్సీల్డ్ లైన్ లీకవుతోంది, టైల్స్ పగలగొట్టి కొత్త సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్ పైపుల) లైన్ వేయాలి, 18 వేలవుతుంది" అన్నాడు. అందులో కూలి ఎంత, పైపులూ ఫిట్టింగులూ ఎంత అని అడిగితే విడివిడిగా చెప్పలేదు, మొత్తం ప్యాకేజీ అన్నాడు. పోనీ టైల్స్ మళ్లీ ఎవరు వేస్తారు అంటే అది మా పని కాదు, మేస్త్రీని మీరే చూసుకోవాలి అన్నాడు. ఆ 199 గురించి నాకేం బాధ లేదు, అంత ట్రాఫిక్‌లో బండేసుకుని వచ్చిన మనిషికి ఆ మాత్రం ఇవ్వాల్సిందే. లీకు ఎక్కడుందో తేల్చకుండా గోడ పగలగొడదాం అనడమే నాకు నచ్చలేదు.

ఇక షాపు దగ్గర ప్లంబర్. ఈయనది ఒడిశాలో కేంద్రాపడా జిల్లా, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, తెలుగు మనలాగే మాట్లాడతాడు. దేశమంతా తిరిగి ప్లంబింగ్ చేసేవాళ్లలో ఆ జిల్లావాళ్లు చాలామంది ఉంటారు, అక్కడ పట్టాముండైలో ఈ పని నేర్పడానికి ప్రభుత్వ ఇన్‌స్టిట్యూటే ఉంది. ఈయన మాత్రం మేనమామ వెంట తిరిగి నేర్చుకున్నాడట. వచ్చీ రాగానే గోడ జోలికి పోలేదు. "అమ్మా, కింద ఎప్పుడు ఎక్కువ కారుతోంది, పొద్దున స్నానాలయ్యాకా, లేక రోజంతానా?" అని అడిగాడు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే కదా, మొదట వచ్చినతను అది అడగనే లేదు. నీళ్ల లైన్లో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి పైపు పగిలితే మనం వాడినా వాడకపోయినా కారుతూనే ఉంటుందట. డ్రైనేజీ వైపు లీకైతే నీళ్లు పోసినప్పుడే కారుతుంది. అందుకని వాల్వ్ తెరిచే ఉంచి, రాత్రంతా ఆ బాత్రూమ్ వాడొద్దన్నాడు.

పొద్దున్నే కిందికెళ్లి చూస్తే కొత్తగా చుక్క కూడా పడలేదు. అంటే పైపు బాగానే ఉంది. తర్వాత పైకొచ్చి నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే కన్నం) చుట్టూ రెండు బకెట్లు పోయించాడు, నేను కింద ఆవిడతో ఫోన్‌లో ఉన్నా, కాసేపటికే "ఆ, పడుతోంది పడుతోంది" అన్నారు. జాలీ తీసి టార్చ్ వేసి నన్ను కూడా వంగి చూడమన్నాడు. ట్రాప్ అంచుకీ టైల్‌కీ మధ్య సిమెంట్ మొత్తం తినేసి వేలు పట్టేంత సందు ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు ఆ సందులోంచి టైల్స్ కిందికి పోయి స్లాబ్‌లో ఇంకుతున్నాయి. చిన్న ఉలితో పాత సిమెంటు గీకి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ ఫిల్ చేసి, పైన చుట్టుపక్కల జాయింట్లకి ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే, నీళ్లు దిగని పేస్టు) పెట్టాడు. కూలి 1,200. గ్రౌటూ, కొత్త జాలీ, చిల్లర సామాను కలిపి ఇంకో 830. గోడ పగలగొట్టలేదు, ఒక్క టైలూ పోలేదు. కింద చెమ్మ మెల్లగా ఆరింది, మళ్లీ రాలేదు.

ఆ 1,200 ఎక్కువని మా ఇంట్లోనే అన్నారు, గట్టిగా గంటన్నర పని కదా అని. నా లెక్క వేరు. చూడటానికోసారి, టెస్ట్ చేయడానికోసారి, పని చేయడానికోసారి వచ్చాడు, పెట్రోల్ ఆయనదే, డ్రిల్లింగ్ మెషీన్ ఆయనదే, పని దొరకని రోజుకి ఎవరూ జీతం ఇవ్వరు. గోడ పగలకుండా చేసింది ఆ ప్రశ్నా, ఆ రెండు బకెట్ల నీళ్లూ. దానికి డబ్బులివ్వడానికి నాకు అభ్యంతరం లేదు, అందుకే బేరమాడలేదు.

మనం నిజంగా నష్టపోయేది సామాన్ల దగ్గర. ట్యాపులూ, గోడ దగ్గర నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్‌లూ, హెల్త్ ఫాసెట్లూ, వీటి మీద ఎంఆర్‌పీలో షాపువాళ్లు మంచి డిస్కౌంటే ఇస్తారు. కాకపోతే "మీరు ఉండండి, నేను తెస్తా" అని ప్లంబర్ వెళ్తే చాలా చోట్ల ఆ డిస్కౌంట్ ఆయన జేబులోకి పోతుంది, మన బిల్లులో ఎంఆర్‌పీయే ఉంటుంది. ఇంతకుముందు వేరే ప్లంబర్ దగ్గర నాకు అచ్చంగా ఇదే జరిగింది. యాంగిల్ కాక్‌లు ఎంఆర్‌పీకి తెచ్చి, దాని మీద జీఎస్‌టీ కూడా వేశాడు. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన రేటు, దాని మీద రూపాయి కూడా వేయకూడదు, వేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఈసారి నేనే ప్లంబర్‌తో కలిసి షాపుకెళ్లా, ఆయన ఏమీ అనుకోలేదు, ఏ కంపెనీది తీసుకోవాలో ఆయనే చెప్పాడు. సీపీవీసీ పైపు కొనాల్సి వస్తే దాని మీద ఐఎస్ 15778 (ఆ పైపులకున్న భారతీయ ప్రమాణం నంబరు) అని అచ్చు ఉందో లేదో చూసుకోండి.

లీకెక్కడో తేల్చకుండా ఖర్చు పెట్టించడం ఏసీల దగ్గరా ఉంది. సర్వీసుకి వచ్చినవాళ్లు గ్యాస్ తగ్గింది, నింపాలి అని రెండు మూడు వేలు చెప్తుంటారు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, ఎక్కడో లీకుంటేనే తగ్గుతుంది. ముందు ప్రెషర్ చూసే గేజ్ పెట్టి చూపించమనండి, లీకెక్కడో కనిపెట్టి సరిచేశాకే గ్యాస్ నింపించుకోండి.

మొత్తానికి నా మార్కులు. యాప్ సర్వీసుకి టైముకి రావడంలో ఐదుకి ఐదు, పనిలో ఒకటి. ట్యాప్ మార్చడం, గీజర్ బిగించడం లాంటి పనులకైతే మళ్లీ పిలుస్తా, రేటు ముందే కనిపిస్తుంది కాబట్టి టెన్షన్ ఉండదు. షాపు ప్లంబర్‌కి పనిలో ఐదు, టైములో రెండు. రేపొస్తా అని ఎల్లుండి వచ్చాడు, ఫోన్ కూడా సరిగా ఎత్తడు, పొద్దున తొమ్మిది లోపు చేస్తేనే దొరుకుతాడు. చెమ్మ కనిపిస్తే వానలు మొదలయ్యేలోపే పిలిపించుకోండి, జూన్ దాటితే టెర్రస్ లీకుల పనులు మీదపడి వారం ముందు చెప్పినా ఆయనకి తీరదు.