ట్రంకు పెట్టెను నెట్టాలా, లాగాలా?

బట్టలు కుక్కిన 50 కిలోల ట్రంకు పెట్టెను గచ్చు మీద జరపాలి. వెనకనుంచి వంగి ఏటవాలుగా కిందికి నెట్టవచ్చు. లేదా ముందు పిడికి తాడు కట్టి ఏటవాలుగా పైకి లాగవచ్చు. రెండు పద్ధతుల్లోనూ 200 న్యూటన్ల (సుమారు 20 కిలోల బరువును ఎత్తేంత) బలమే, నేలతో 30 డిగ్రీల కోణమే అనుకుందాం.

పెట్టె బరువు 490 న్యూటన్లు. నెట్టినప్పుడు మన బలంలో 100 న్యూటన్లు దాన్ని నేలకే అదుముతాయి. నేల మోసే భారం 590కి పెరుగుతుంది. (చెమటోడ్చి మన పనిని మనమే కష్టం చేసుకోవడమంటే ఇదే!) లాగితే ఆ 100 న్యూటన్లే భారాన్ని 390కి దించుతాయి. ఘర్షణ గుణకం (నేల మోసే భారంలో ఎంత వంతు ఘర్షణగా ఎదురవుతుందో చెప్పే సంఖ్య) 0.4 అయితే, నెట్టేటప్పుడు ఎదురయ్యే ఘర్షణ 236 దాకా, లాగేటప్పుడు 156 దాకా ఉంటుంది. ముందుకు పనిచేసే బలం మాత్రం రెండింటా 173. తాడుకు కదిలిన పెట్టె నెడితే ఉలకదు, పలకదు.

కాళ్ల సంగతీ ఉంది. మనం కిందికి నెడితే పెట్టె మనల్ని తిరిగి పైకి నెడుతుంది. నున్నటి గచ్చు మీద పాదాల పట్టు తగ్గేది అందుకే.

నా ఓటు తాడుకే. ఎత్తైన బీరువా అయితే నడుము ఎత్తున నేలకు సమాంతరంగా నెట్టవచ్చు, అప్పుడు ఈ తేడా ఉండదు.