పొలం పక్క బోరునీటికి యూవీ ఫిల్టరు కొంటున్నారా? ముందు నైట్రేటు పరీక్ష చేయించండి

చేల పక్కనున్న బోరునీళ్లు తాగే ఇళ్లవారు, అందులోనూ ఇంట్లో పసిబిడ్డ ఉన్నవారు, ఫిల్టరుకు డబ్బు కట్టే ముందు దీన్ని చదవాలని కోరుతున్నాను.

గుంటూరు జిల్లాలో మా ఇల్లు మిరప చేలను ఆనుకొని ఉంటుంది. నిరుడు మా చెల్లెలు కాన్పుకు వస్తున్నదని ఫిల్టరు కొన్నాము. అమ్మిన వ్యక్తి బోరునీటిలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ముంచి, లీటరుకు 480 మిల్లీగ్రాములని చూపించి, 500 లోపే ఉంది కనుక ఆర్ఓ (పొర గుండా నీటిని పంపి కరిగిన లవణాలను తగ్గించే యంత్రం) అక్కరలేదని, యూవీ యంత్రం చాలునని చెప్పాడు. మేము నమ్మాము. తల్లిపాలు చాలక బిడ్డకు డబ్బాపాలు మొదలుపెట్టినప్పుడు, పిల్లల డాక్టరు గారు బోరునీళ్లని వినగానే నైట్రేటు (ఎరువులు, పెంట నుంచి నీటిలో చేరే లవణం) పరీక్ష చేయించమన్నారు. బోరు దగ్గర పట్టిన నీటిలో లీటరుకు 92 మిల్లీగ్రాములు ఉన్నట్లు తేలింది. ఫిల్టరు నుంచి పట్టిన నీటిలో 91.

మన తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు టీడీఎస్‌ను 2000 వరకు అనుమతిస్తారు గాని, నైట్రేటుకు ఆ సడలింపు లేదు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నింటినీ కలిపి ఒక్క అంకెగా చూపుతుందే తప్ప, అందులో నైట్రేటు ఎంతో చెప్పలేదు. యూవీ కాంతి క్రిములను చంపుతుంది, కరిగిన లవణాన్ని తీసివేయదు. మేము ఆ నీటిని కాచి చల్లార్చి పాలు కలిపాము. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో నైట్రేటు మరింత పెరుగుతుందని అప్పటికి మాకు తెలియదు. ఆరు నెలల లోపు బిడ్డలలో అది నైట్రైటుగా మారి, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. మా బిడ్డకు ఆ స్థితి రాలేదు, కాని ఆ నీటితో పాలు పట్టిన పన్నెండు రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ వణుకు పుడుతుంది.

తప్పు ఫిల్టరుదే అనలేను. బోరుకు పది గజాల్లో మా పెంటకుప్ప ఉండేది, కేసింగు చుట్టూ సిమెంటు లేదు, వాన పడితే చేలోని నీరు అక్కడే నిలిచేది. యూరియాలో 46 శాతం నత్రజని. పైరు తీసుకోగా మిగిలినది నైట్రేటుగా మారి వాననీటితో నేలలోకి దిగుతుంది. కుప్పను దూరంగా పల్లానికి మార్చాము, బోరు చుట్టూ సిమెంటు గట్టు కట్టించాము, యూరియాను మట్టి పరీక్ష చూసి విడతలుగా వేస్తున్నాము.

కొనేవారు నైట్రేటు అని పేరు చెప్పి పరీక్ష అడగండి, వానల తరువాత మరొకసారి చేయించండి. ఆర్ఓ బిగించినా, దాని నుంచి వచ్చే నీటిని పరీక్షించాకే బిడ్డకు వాడండి. నైట్రేటును తగ్గిస్తుందన్న మాటను బిల్లు మీద రాయించుకోండి. మాకు చెప్పినదంతా నోటిమాటే కావడంతో, యంత్రాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆ వ్యక్తి ఒప్పుకోలేదు.